రైలు కట్ట పక్క చెట్లు: 2024–25 కార్యదర్శి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

రైలు కట్ట పక్క చెట్లు నాటి, కాపాడే మన సంఘం ఆశయాలు మళ్లీ ఇక్కడ రాయడం లేదు. రశీదు పుస్తకం అట్ట వెనక ఉన్నాయి, చూసుకోవచ్చు. ఈ ఏడు ఏ పని జరిగింది, ఏది జరగలేదు, ఏ మొక్క ఎందుకు పోయింది అన్నవి మాత్రం వివరంగా రాస్తున్నాను. పోయినేడు నివేదికలో ‘మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం’ తప్ప ఏమీ లేదని సర్వసభ్య సమావేశంలో మాట వచ్చింది. ఆ మాట నిజమే కాబట్టి ఈసారి పొడుగైంది. అంతా చదివే ఓపిక లేనివారు దూరాల గురించి, కేబుళ్ల గురించి రాసిన చోట్లయినా చదివి రండి. గునపం పట్టుకున్నాక అడిగితే చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

లైను సంగతి

పర్లాకిమిడికి రైలు 1900లో వచ్చింది. రాజావారు వేయించిన నౌపడ లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులు. ఆ చిన్నబండి రోజుల్లో కొమ్మ కిటికీలోకి వచ్చినా పట్టించుకున్నవారు లేరు. 2004లో చిన్నబండి ఆగింది. 2010 ఆగస్టులో మన ఊరి దాకా, మరుసటి ఆగస్టులో గుణుపురం దాకా పెద్ద లైను తెరిచారు. 762 మిల్లీమీటర్ల గేజి 1676 అయింది, కట్ట రెండు పక్కలా వెడల్పయింది, ఆపైన కరెంటు తీగ పడింది. చెట్లు ఉన్నచోటే ఉన్నాయి, లైను వాటి దగ్గరికి జరిగింది. ఇది మనందరికీ తెలిసిన ముక్కే. చెట్టు అడ్డమని కాగితం పంపేవారికి మాత్రం ప్రతిసారీ కొత్తగా చెప్పుకోవాల్సి వస్తోంది.

తీగ గురించి కొత్త సభ్యుల కోసం రాస్తున్నాను. పట్టా మీద నుంచి ఐదున్నర మీటర్ల ఎత్తున వేలాడే ఆ తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ఇంటి కరెంటులాగ ముట్టుకుంటేనే పట్టుకుంటుంది అనుకోకూడదు, బాగా దగ్గరికి పోతే గాలిలోంచే దూకుతుంది. అందుకే కరెంటు ఆపి, ఎర్తు వేయకుండా మనిషి గాని, మనిషి చేతిలో సామాను గాని రెండు మీటర్ల లోపలికి పోకూడదని రైల్వే నియమం. చెట్టు కొమ్మకైతే నాలుగు మీటర్లు వదలాలి. కొమ్మ గాలికి ఊగుతుంది, వానకు తడిసి బరువెక్కి కిందికి దిగుతుంది, ఒక్క వానాకాలంలోనే మనిషంత సాగుతుంది. ఆ మిగతా రెండు మీటర్లు వీటన్నిటికీ. పచ్చి వెదురు గెడలో తడి ఉంటుంది, అదీ కరెంటు లాగుతుంది. అల్యూమినియం నిచ్చెన, మామిడికాయలు కోసే చిక్కం, ట్యాంకరు గొట్టంతో పైకి కొట్టే నీళ్ల ధార, ఇవేవీ లైను పక్కకు తేవద్దు.

ఈ ఏడాది గట్టి పని: చింతచెట్టు

ఊరు దాటాక పొలాల అంచున ఉన్న చింతను కొట్టేయడానికి గుర్తు పెట్టారని విన్నాక సంఘం చేసిన పని ఇది. గొప్పకు రాయడం లేదు అంటే అబద్ధం అవుతుంది. కాని ఇంత పొడుగు రాయడానికి అసలు కారణం వేరు. ఇదే పద్ధతి మిగతా చెట్లకూ పనికొస్తుంది.

చెట్టును కాపాడండి అని దండం పెడితే ఎవరూ వినరు. కొలతలు రాసిస్తే వింటారు. ముందు కొలిచింది మొదలు నుంచి లైను నడిమికి ఉన్న దూరం. టేపు పట్టాల మీద పరచకూడదు, కాబట్టి సరిహద్దు రాయి దాకా మనం కొలిచి, మిగతాది రైల్వే సిబ్బంది చేత కొలిపించాం. పదిహేను మీటర్లు వచ్చింది. తరవాత చెట్టు ఎత్తు. దీనికి యంత్రం అక్కర్లేదు. కంటి దగ్గర నుంచి పిడికిలి దాకా చెయ్యి ఎంత పొడుగుందో అంతే పొడుగు పుల్ల పిడికిలి పైన నిలిచేలా నిటారుగా పట్టుకుని, పుల్ల కింది కొస చెట్టు మొదలుకు, పై కొస చెట్టు తలకు సరిపోయేదాకా వెనక్కి నడవాలి. ఆగినచోటి నుంచి మొదలుకు ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. నేల సమంగా ఉంటేనే లెక్క కుదురుతుంది. కట్ట మీద నిలబడి చూస్తే తప్పు వస్తుంది, మనకూ మొదటిసారి అలాగే వచ్చింది. సరిగ్గా చూస్తే పన్నెండు మీటర్లు. అంటే చెట్టు నిలువునా లైను వైపు పడ్డా తల మాస్టు (తీగను మోసే స్తంభం) దాకా రాదు. మాస్టు లైను నడిమికి రెండున్నర, మూడు మీటర్ల లోపే ఉంటుంది.

మరి గొడవ ఎక్కడ? ఒకే ఒక్క కొమ్మతో. పొలం వైపు కొమ్మలన్నీ నీడ పడుతోందని ఏటేటా కొట్టించేస్తుంటే చెట్టు పెరుగుదలంతా లైను వైపు మళ్లింది. ఆ వైపు ఒక పెద్ద కొమ్మ అడ్డంగా సాగి, తీగకు మూడున్నర మీటర్ల దాకా వచ్చింది. ఉండాల్సింది నాలుగు. అర మీటరు కోసం ఒక చెట్టు! ఈ లెక్కంతా ఒక పేజీలో బొమ్మ గీసి, మాస్టు నంబరు వేసి ఇచ్చాం. మాస్టు మీద పైన కిలోమీటరు, కింద వరస సంఖ్య రాసి ఉంటాయి. ‘ఫలానా వారి తోట దగ్గర’ అని రాస్తే ఆ కాగితం ఎటూ కదలదు.

కొమ్మ తీసిన రోజు రైల్వే వారు పవర్ బ్లాక్ తీసుకున్నారు. అంటే ఆ ముక్క తీగకు కరెంటు ఆపి, రెండు వైపులా తీగను ఎర్తుకు కలిపే డిశ్చార్జ్ రాడ్లు తగిలించి, సూపర్‌వైజరు కాగితం మీద సంతకం పెట్టాకే మనిషి చెట్టెక్కాడు. కరెంటు ఆగిందంటే చాలదు, రాడ్లు తగిలించేదాకా ఆ తీగను బతికున్నట్టే చూడాలి. లైను వైపు పనంతా వారి మనుషులదే. మన సభ్యులు పొలం వైపు తాళ్లు పట్టారు, అంతే.

కొమ్మను మొదలంటా నరకలేదు. దాని మీద ఒక పక్క కొమ్మ పైకి లేచి ఉంది. కోసే చోట పెద్ద కొమ్మ ఎంత లావుందో అందులో మూడో వంతుకు తగ్గని పక్క కొమ్మ ఉంటే అక్కడి దాకా కుదించవచ్చు. అంతకంటే సన్నదైతే అది ఆ కొమ్మ పని అందుకోలేదు, మోడు ఎండి పుచ్చిపోతుంది. కొస నుంచి చిన్న ముక్కలుగా తాడుతో దించుకుంటూ వచ్చి, చివరి కోతకు మూడు గాట్లు పెట్టారు. మొదటిది అసలు కోసే చోటుకు ఒక అడుగు కొస వైపు, కింది నుంచి మూడో వంతు లోతు. రెండోది దానికి ఇంకో రెండు వేళ్లు కొస వైపు, పై నుంచి. ఇక్కడ కొమ్మ విరిగి పడుతుంది, కింది గాటు ఉంది కాబట్టి బెరడు చీలుకుంటూ పోదు. మిగిలిన మోడును మూడో గాటుతో శుభ్రంగా తీస్తారు. కొమ్మ పుట్టినచోట ఉబ్బెత్తుగా ఒక కంకణం ఉంటుంది. దాన్ని కోయకూడదు, గాయం మూసుకునేది అక్కడి నుంచే. తారు పూద్దామని ఇద్దరు పెద్దలు పట్టుబట్టారు. తారు పూస్తే లోపల తడి నిలిచి పుచ్చు పడుతుంది. వదిలేశాం. ఇప్పుడు వెళ్లి చూస్తే గాయం అంచు చుట్టూ బెరడు గుండ్రంగా లోపలికి తిరుగుతోంది.

పొలం వైపు ఇక కొట్టవద్దని రైతును ఒప్పించాం. కాయ ఆయనదే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. చెట్టు నిజంగా లైను మీద పడేలా ఉంటే పట్టా భూమిలోకైనా వచ్చి దాన్ని తొలగించే అధికారం 1989 రైల్వే చట్టం 14వ సెక్షన్ రైల్వేకు ఇచ్చింది. అటువంటి చెట్టు దగ్గర మనం అడ్డం పడకూడదు, పడలేదు. అలాగే కొట్టిన కలపను బండెక్కించే ముందు 1980 నాటి ఒడిశా కలప రవాణా నిబంధనలు చూసుకోవాలి. ఏ జాతికి పర్మిట్ కావాలో అటవీ శాఖ వారిని అడగకుండా దుంగ కదిలించవద్దు.

ఎక్కడ ఏది నాటాలి

మన సంఘం పెట్టుకున్న లెక్క ఒక్కటే: చెట్టు పూర్తిగా ఎదిగాక పడితే దాని తల మాస్టుకు తగలకూడదు. పది మీటర్లు ఎదిగే చెట్టయితే మాస్టుకు పది మీటర్లకు పైనే దాని చోటు. కాబట్టి లైను వైపు నుంచి చూస్తే ముందు తంగేడు వంటి తుప్పలు, ఆ వెనక రేల, సరిహద్దు దాటి పొలం గట్టున కానుగ, వేప, నేరేడు. ఈ వరస తప్పి మొదటి వరసలోనే నేరేడు పెట్టిన చోటు ఒకటి ఉంది. దాన్ని ఈ వానల్లో తవ్వి మార్చాలి, ఇంకా నడుమెత్తే ఉంది.

వద్దన్న జాతుల పట్టికకు కారణాలు చాలామంది అడిగారు. నీలగిరి, సరుగుడు పొడుగ్గా పెరిగి గాలికి విరుగుతాయి. తురాయి, పచ్చతురాయి పూలకు బాగుంటాయి, కలప పెళుసు. సుబాబుల్ విత్తనం కట్టంతా పాకుతుంది, ఒకసారి కొడితే నాలుగు మోసులు వేస్తుంది. రావి, మర్రి నీడ గొప్పదే, కాని వాటి వేరు కాలువ గోడ కింద దూరితే గోడ లేస్తుంది. పండ్ల చెట్లు ప్లాట్‌ఫారం అవతల సరే, లైను పక్కన వద్దు. పండు రాలితే కోతులు, పశువులు పట్టాల మీదికి వస్తాయి. లఖారి లోయ ఏనుగులున్న జిల్లా మనది, కొండ వైపు లైను పక్కన వెదురు, పనస, అరటి ఊసే ఎత్తవద్దు.

వంపుల దగ్గర లోపలి వైపు ఏమీ నాటలేదు. వంపు లోపల తుప్ప పెరిగితే లోకోపైలట్‌కు ముందున్న సిగ్నలు గాని, గేటు గాని ఆలస్యంగా కనిపిస్తుంది. గేటు దగ్గర రోడ్డున వచ్చేవారికీ అదే తిప్పలు. అక్కడ ఖాళీగా ఉండటమే మంచిది, ‘ఇక్కడెందుకు వదిలేశారు’ అని ఈ ఏడు అడిగిన ముగ్గురికీ ఇదే జవాబు.

గుంతలు, కేబుళ్లు

లైను పక్కన నేలలో సిగ్నలు కేబుళ్లు, టెలిఫోను ఫైబరు పోతుంటాయి, సుమారు మీటరు లోతున. చాలాచోట్ల మట్టి కొట్టుకుపోయి అంతకంటే పైకి వచ్చేశాయి. గునపం పోటు తగిలితే సిగ్నళ్లు ఎర్రబడి బండ్లు ఆగిపోతాయి, బాధ్యత మన మెడకు చుట్టుకుంటుంది. అందుకని రైల్వే స్థలంలో ఒక్క గుంత తవ్వాలన్నా ముందు సిగ్నలు, టెలికాం సిబ్బంది వచ్చి కేబుళ్లు పోయే దారి చూపించి, సున్నంతో గీత వేయాలి. గీతకు ఇవతల, సరిహద్దు వైపే మన పని. జేసీబీ పిలిస్తే గంటలో అయిపోతుందని ఈసారీ ఒకరు అన్నారు. అవుతుంది, దానితోపాటు కేబులూ అవుతుంది. అనుమతి లేకుండా లోపల తిరిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్నాయని కూడా చెప్పి ఉంచుతున్నాను.

గుంత కొలత ఒకటిన్నర అడుగు పొడుగు, వెడల్పు, లోతు. గట్టి నేలలో రెండడుగులు. మే నెలలో తవ్వి ఎండకు వదలాలి. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయాలి. నింపేటప్పుడు పై మట్టిలో ఐదు కిలోల మాగిన గత్తం, పావు కిలో వేపపిండి కలిపి ముందు అది వేయాలి. మాగని పేడ వేస్తే చెదలు పిలిచినట్టే. రెండు మంచి వానలు పడి గుంత లోపల మట్టి కుదురుకున్నాక, మృగశిర వెళ్లి ఆరుద్ర వచ్చే రోజుల్లో నాటాలి. సంచి అడుగున వేళ్లు చుట్ట చుట్టుకుని ఉంటే ఆ చుట్టను బ్లేడుతో మూడుచోట్ల నిలువుగా గీసి, అడుగున వేలెడు మందం కోసేయాలి. వేళ్లు తెగిపోతాయని భయపడి అలాగే పెడితే, ఆ చుట్ట లావెక్కి మూడో ఏడో నాలుగో ఏడో చెట్టు తన మెడను తానే బిగించుకుంటుంది. గాలికి పడిన చెట్ల మొదళ్లు చూస్తే ఇది తెలుస్తుంది.

ఊతకర్రకు మొక్కను ఇనుప తీగతో కట్టవద్దు అని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఏడూ కట్టారు. గోనె పట్టీతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి, ఏడాది తిరగ్గానే విప్పేయాలి. తీగ దిగబడిన నాలుగు వేపలు గాటు పడిన చోటే విరిగాయి.

ఏవి పోయాయి, ఎందుకు

నాటిన వాటిలో ఎన్ని నిలిచాయో మార్చి ఆఖరున వరస వరసకూ నడిచి లెక్కపెట్టిన పట్టిక నోటీసు బోర్డులో ఉంది. కారణాలు ఇక్కడ.

కంకర జల్లెడ పట్టాక మిగిలిన చెత్త మట్టిని కట్ట పక్కన గుట్టలుగా వదులుతారు. నల్లగా, మెత్తగా ఉంటుంది కదా అని అందులో నాటిన వరస మొత్తం పోయింది. అది రాతిపొడి, నూనె, దుమ్ము. ఎండితే రాయిలా బిగుస్తుంది, తడిస్తే గాలాడదు. అటువంటి చోట గుంత మట్టి పూర్తిగా మార్చాలి, లేదా చోటే మార్చాలి.

కట్టకోసం అప్పట్లో మట్టి తీసిన గోతుల్లో వానాకాలం నెలల తరబడి నీరుంటుంది. అక్కడ వేప ఊపిరాడక పోయింది. అదే నీటిలో కానుగ, తెల్లమద్ది నిలబడ్డాయి. ఇకమీదట గోతుల అంచున ఆ రెండే.

మేకలు తిన్నవి, నిప్పుకు మాడినవి చెప్పక్కర్లేదు. నిప్పు గురించి ఒక్క ముక్క: ఫిబ్రవరిలోనే మొక్క చుట్టూ మీటరు గుండ్రంగా గడ్డి చెక్కేస్తే మంట దాటదు. చెక్కిన చోట్ల మొక్కలన్నీ ఉన్నాయి. వయ్యారిభామను పువ్వు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో పీకాలి. పువ్వు వచ్చాక పీకి గుట్ట వేస్తే విత్తనం మనమే చల్లినట్టు.

ఎక్కువ నష్టం మాత్రం దాహంతోనే. వారానికి పది, పదిహేను లీటర్లు చాలు, ఆ వారం తప్పకూడదు. బకెట్టుతో పోసిన నీళ్లలో సగం పక్కకు పారిపోతున్నాయని కుండల పద్ధతి పెట్టాం. కాల్చిన మట్టికుండ, ఆరేడు లీటర్లది, మొక్కకు ఒక అడుగు దూరంలో మెడ దాకా పాతి, నింపి, మూత పెట్టాలి. రంగు పూసిన కుండ పనికిరాదు, చెమర్చదు. మంచి కుండ నాలుగైదు రోజులు చెమరుస్తూ వేళ్లకు తడి అందిస్తుంది. మూత లేకపోతే దోమలు, తొండలు. నీళ్లు ఒక్క రోజులో దిగిపోతే కుండ పగిలిందని లెక్క. కుండలున్న వరసకూ లేని వరసకూ తేడా ఏప్రిల్‌లో ఎవరైనా వచ్చి చూడవచ్చు.

కట్ట వాలు, తూములు, ఆకులు

కట్ట వాలు మీద చెట్లు నాటమని అడిగేవారు ఉన్నారు. నాటం. పెద్ద చెట్టు గాలికి ఊగినప్పుడల్లా మట్టిని కుదుపుతుంది, అది చచ్చాక వేరు కుళ్లి కట్టలో గొట్టంలాంటి దారి మిగులుతుంది, వాననీరు దానిలోంచి పోతుంది. వాలుకు గడ్డే సరి. రైల్వే ఇంజనీరింగు సిబ్బంది చూపిన ముక్కలో వట్టివేరు వేశాం. దుబ్బు విడదీసి మూడేసి పిలకలు, ఆకు జానెడు, వేరు నాలుగు వేళ్లు ఉంచి కత్తిరించి, నాలుగైదు అంగుళాలకు ఒకటి చొప్పున కట్ట పొడవునా అడ్డ వరసలు. వరసకూ వరసకూ ఎత్తులో మీటరు తేడా. ఒక్క చోట సందు వదిలినా వాననీరంతా ఆ సందు వెతుక్కుని గండి కొడుతుంది. అందుకని రెండు వానల తరవాత పోయిన పిలకల చోట మళ్లీ నింపాలి. ఈ రెండో విడతకు వచ్చినవారు ఐదుగురు.

తూముల, వంతెనల గోడల్లో మొలిచిన రావి మొక్కలను మన సభ్యులు పీకవద్దు. రెండాకుల మొక్కయితే తడి మీద వేరుతో వస్తుంది, బొటనవేలంత లావైందంటే లాగినప్పుడు ఇటుకనూ తెస్తుంది. గోడ మీద రాసిన వంతెన నంబరు రాసుకుని తెలియజేయడమే మన పని. అది కోసి, వేరు చంపి, పగులు పూడ్చడం వారిది.

ఆకులు తేలిక విషయం అనుకోకండి. కంకర మధ్య కుళ్లి మట్టి అయితే నీరు దిగదు, బండి పోయినప్పుడల్లా బురద పైకి చిమ్ముతుంది, పట్టా కుంగుతుంది. బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్ల దగ్గర వేలెడు పుల్ల ఇరుక్కున్నా పాయింటు సరిగ్గా మూసుకోదు, సిగ్నలు రాదు. పక్క కాలువల్లో ఆకులు తీయడం మే ఆఖరు లోపు అయిపోవాలి. తీసిన చెత్తను కాలువ గట్టునే పోస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి వస్తుంది. ఈసారి సగం దూరం అదే జరిగింది.

ప్లాట్‌ఫారం చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు బిగించడం గురించి: జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో మొదలు చుట్టూ ఒక మీటరు నేల వదలమంది. ఆ కాపీ జతచేసి అర్జీ ఇచ్చాం. రెండు చెట్లకు పగలగొట్టారు, సంతోషం. మిగతావి ఎదురు చూస్తున్నాయి.

తుపాను నెలలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు గాలి గంటకు 140–150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి ఎలా పడిపోయిందో ఇక్కడ చెప్పనక్కర్లేదు. దానికి భయపడి సెప్టెంబరులో చెట్ల తలలు కొట్టించేవారు పెరిగారు. తల కొట్టిన చెట్టు గుబురుగా మోసులు వేస్తుంది. ఆ మోసులు బెరడు మీద అతుక్కున్నవే, లోపలి నుంచి పుట్టినవి కావు. రెండు మూడేళ్లలో లావెక్కి, గాలికి ముందు ఊడేది అవే. చేయాల్సింది ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసి గుబురును పలచన చేయడం. గాలి లోపలి నుంచి పోతుంది. ఒక్కసారి నాలుగో వంతుకు మించి తీయవద్దు.

లైను మీద చెట్టు పడినట్టు చూస్తే ముందు దగ్గరి గేటుమనిషికో స్టేషనుకో చెప్పాలి, లేదా 139కి ఫోను చేయాలి. మాస్టు నంబరు చెప్పాలి. తెగిన తీగ నేల మీద కదలకుండా ఉన్నా దానిలో కరెంటు లేదనుకోవద్దు. కొమ్మ తీగకు తగిలి ఉంటే ఆ చెట్టు మొదలునూ ముట్టుకోవద్దు. ఉత్సాహం కొద్దీ గొడ్డలితో బయలుదేరే కుర్రాళ్లను ఇంట్లో పెద్దలు ఆపాలి.

రానివారి సంగతి

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం పూట నాటడానికి వచ్చినవారితో దారి పట్టలేదు. మన ఊళ్లో ఉండి వాడుక మాట కోసం పోట్లాడిన పెద్దాయన పేర మొక్క పెట్టడం మంచిదే. కాని ఆగస్టు ఆఖరున పెట్టిన మొక్కకు రెండు నెలల వానే దొరుకుతుంది, ఆరుద్రలో పెట్టినదానికి నాలుగు నెలలు. పైగా ఆ రోజు వచ్చినవారిలో ఎక్కువమంది మార్చిలో నీళ్ల వంతుకు రాలేదు. వంతుల పట్టికలో ‘తప్పకుండా’ అని రాసి, ఆ రోజు ఫోను ఎత్తనివారి పేర్లు ఇక్కడ రాయమని కార్యవర్గంలో ఒకరన్నారు. రాయలేదు. వారికి తెలుసు.

ఆఫీసుల సంగతీ అంతే. ఒక అర్జీకి జవాబు రావడానికి ఏడు నెలలు పట్టింది, వచ్చింది కూడా ‘సంబంధిత శాఖను సంప్రదించండి’ అని. మనం రాసింది ఆ శాఖకే. తెలుగులో ఇచ్చిన కాగితం ఒడియాలో కావాలని, ఒడియాలో ఇస్తే ఇంగ్లీషులో కావాలని తిప్పారు. పక్కనే పాతపట్నం ఆంధ్ర, ఇక్కడ మనది ఒడిశా, లైను మాత్రం ఒకటే. ఇకమీదట ప్రతి అర్జీ మూడు భాషల్లోనూ ఒకేసారి, బొమ్మతో, మాస్టు నంబరుతో ఇస్తున్నాం. నమూనా కార్యదర్శి దగ్గర ఉంది. 2024 జూన్ 5న మొదలైన ‘ఏక్ పేడ్ మా కే నామ్’ కింద ఉచితంగా మొక్కలు అడగవచ్చు, అడిగాం. ఏ జాతి కావాలో మనమే ముందు రాసివ్వాలి, లేకపోతే నర్సరీలో ఏది మిగిలితే అది వస్తుంది.

జమా ఖర్చులు

కోశాధికారి చదువుతారు. కుండలకు, గత్తం బండి కిరాయికి అనుకున్నదానికంటే ఎక్కువైంది, తడకలకు తగ్గింది. రశీదులన్నీ ఉన్నాయి. చందా బాకీలు ఉన్నవారు సమావేశం తరవాత ఒక నిమిషం ఆగాలి.

కృతజ్ఞతలు

పవర్ బ్లాక్ రోజు ఎండలో నిలబడి ప్రతి గాటూ చూసుకున్న రైల్వే సిబ్బందికి, కేబుళ్ల దారి ఓపిగ్గా మూడుసార్లు చూపిన సిగ్నలు ఉద్యోగికి, కట్ట పొడవునా రోజూ నడుస్తూ వాలిన కొమ్మల సంగతి మనకంటే ముందు చెప్పే ట్రాక్ మనుషులకు, రంగు పూయకుండా కుండలు కాల్చి ఇచ్చిన కుమ్మరి కుటుంబాలకు, తన బావి మోటారు వాడుకోనిచ్చిన రైతుకు, చింతకొమ్మ తాళ్లు పట్టిన ఎనిమిది మందికి, సవర పేటల నుంచి కానుగ విత్తనం ఏరి తెచ్చిన ఆడవారికి, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు, వారిని సమయానికి పంపిన మేష్టారికి, నివేదిక రాతప్రతి సరిచూసిన పెద్దలకు సంఘం తరఫున నమస్కారాలు. వట్టివేరు రెండో విడతకు వచ్చిన ఐదుగురికి విడిగా మరోసారి.

వచ్చే ఏడు

మేలో గుంతలు. ఆరుద్రకు కానుగ, తెల్లమద్ది గోతుల అంచున, రేల రెండో వరసలో. మొదటి వరస నేరేడు మార్పు. సెప్టెంబరు లోపు ఇంకో రెండు చెట్లకు చింతకు చేసినట్టే కొలతల కాగితం. ఆగస్టు 29న కొత్త మొక్కలు పెట్టడం కాకుండా, అప్పటికే నాటినవాటికి ఊతకర్రలు, గోనె పట్టీలు సరిచేయడం పెట్టుకుందామని కార్యవర్గం ప్రతిపాదన. దీని మీద సభ్యులు చెప్పాలి.

నీళ్ల వంతుల పట్టిక నోటీసు బోర్డు మీద అంటించాం, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారాలవారీగా గళ్లు గీసి ఉంది. పోయినేడు పెన్ను లేక రాయలేదన్నారు కాబట్టి ఈసారి తాడుతో కట్టాం.

కార్యదర్శి
పర్లాకిమిడి